కెమెరా వెలుగుతోంది... రికార్డింగ్ నడుస్తోందా?



సాయంత్రం స్కూలు వదిలే వేళ గేటు దగ్గర తోపులాటలో మీ బాబు పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది. ఎవరో తోశారంటాడు. మర్నాడు మీరు వచ్చి, ‘నిన్నటి సీసీటీవీ ఫుటేజ్ చూపించండి’ అంటారు. కెమెరా ఉంది, దాని లైటూ వెలుగుతోంది. కానీ ఆ పావుగంట రికార్డింగ్ లేదు! ఇలా ఎందుకవుతుంది?

కెమెరా చూస్తుందే గానీ, చూసింది దాచేది సర్వర్ అనే కంప్యూటర్. అది ఆగితే వంద కెమెరాలు చూసినదంతా నీటి మీద రాతే. అందుకే రెండు సర్వర్లను జంటగా పెడతారు. దీన్ని ఫెయిలోవర్ క్లస్టర్ అంటారు. ఒకటి పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా కాచుకుని ఉంటుంది. ‘నేను బతికే ఉన్నాను’ అని రెండూ ఒకదానికొకటి సంకేతం పంపుకుంటాయి. దాని పేరు హార్ట్‌బీట్. విండోస్ సర్వర్ 2016లో మామూలుగా ఇది సెకనుకోసారి వెళ్తుంది. వరసగా 10 అందకపోతే రెండోది పని అందుకుంటుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. మొదటి సర్వర్ బాగానే ఉండి, మధ్యలో కేబుల్ మాత్రమే తెగితే? ‘అది పోయింది, ఇక నేనే దిక్కు’ అని రెండోది రంగంలోకి దిగుతుంది. రెండూ ఒకే డిస్కుల మీద ఒకేసారి రాస్తే రికార్డులు పాడవుతాయి. మన ఇళ్లలోనూ జరిగేదే. ఫోన్ కలవని రోజు పాప కోసం అమ్మా వస్తుంది, నాన్నా వస్తాడు. (ఇద్దరూ రాని రోజు సంగతి మా వాచ్‌మన్‌ను అడగండి!) ‘ముందు నానమ్మకు ఎవరు చెబితే వాళ్లే వెళ్లాలి’ అనుకుంటే తగువు తీరుతుంది. క్లస్టర్‌లో ఆ నానమ్మ లాంటి మూడో ఓటు పేరు విట్‌నెస్, అంటే సాక్షి. మూడింటిలో రెండు ఓట్లున్న వైపే పని సాగుతుంది, మిగిలింది తనంతట తానే ఆగిపోతుంది.

సీబీఎస్ఈ 2025 జులైలో తన గుర్తింపు ఉన్న స్కూళ్లకు తరగతి గదులు, కారిడార్లు, గేట్ల దగ్గర ఆడియోతో కూడిన కెమెరాలు తప్పనిసరి చేసింది. టాయిలెట్లకు మినహాయింపు ఉంది. కనీసం 15 రోజుల రికార్డింగ్ ఉంచాలి. సెకనుకు 4 మెగాబిట్లు పంపే ఒక్క కెమెరాకే రోజుకు 43 జీబీ అవుతుంది, 15 రోజులకు దాదాపు 650 జీబీ. ఇంత సమాచారం ఉన్న డిస్కులు పాడైతే సర్వర్లు రెండున్నా లాభం లేదు. అందుకే ఒక డిస్కు పోయినా మిగతావాటి నుంచి తిరిగి రాబట్టుకునేలా అమరుస్తారు. రెండు సర్వర్లనూ ఒకే యూపీఎస్‌కు తగిలించడం మాత్రం శుద్ధ దండగ.

ఎంత చేసినా, పని చేతులు మారేటప్పుడు రికార్డింగ్‌లో కాస్త ఖాళీ తప్పదు. కెమెరాలోనే మెమరీ కార్డు ఉంటే ఆ కాసేపు అందులో రికార్డవుతుంది. తర్వాత సర్వర్ దాన్ని తీసుకునే ఏర్పాటు కొన్ని సిస్టమ్స్‌లో ఉంది.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో ‘కెమెరాలెన్ని?’ అని అడిగి ఊరుకోకండి. ‘నడుస్తున్న సర్వర్‌ను కావాలని ఆపి చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? రెండోది ఎంతసేపట్లో అందుకుంది?’ అని అడగండి. తేదీతో సహా జవాబు రావాలి. రాకపోతే ఐటీ ఇన్‌ఛార్జ్‌ను పిలిపించమనండి.