రొమ్ములో గడ్డ – కుటుంబ వైద్యుని తొలి పరీక్ష

వృత్తి ప్రారంభించిన తొలి సంవత్సరాలలో నేను చేసిన ఒక పొరపాటును పాఠక సోదరీమణులకు చెప్పక తప్పదు. నలభై ఏళ్లు దాటిన ఒక గృహిణి నా వైద్యశాలకు వచ్చి, ఎడమ రొమ్ములో రేగుపండంత గడ్డ ఉన్నదనీ, నొప్పి ఏమాత్రం లేదనీ చెప్పింది. నేను దానిని సాధారణ గ్రంథిగా భావించి, ఆముదపుటాకు వెచ్చచేసి కట్టుకోమని పంపాను. ఆరు మాసాల తర్వాత తిరిగి వచ్చేసరికి చంకలోనూ గడ్డలు ఏర్పడి ఉన్నాయి. శస్త్రచికిత్స అనంతరం ఆమె రెండేళ్లు మాత్రమే జీవించింది.

అర్బుదం గుండ్రనిదనీ, కదలనిదనీ, స్వల్పమైన నొప్పి గలదనీ, లోతుగా వేళ్లూని మెల్లగా పెరిగేదనీ, చీము పట్టదనీ సుశ్రుతుడు వర్ణించాడు. చదివి కూడా, నొప్పి లేదన్న మాటకు నేను ధైర్యపడ్డాను!

కుటుంబ వైద్యుడు మొదట వయస్సు, తల్లి వైపునా తండ్రి వైపునా ఈ వ్యాధి వచ్చినవారి వివరాలు, తొలి కాన్పు నాటి వయస్సు, హార్మోన్ మాత్రల వాడకం అడిగి తెలుసుకోవాలి. ఋతుస్రావం ముగిసిన కొద్ది రోజులకు పరీక్ష చేయడం మేలు. అంతకుముందు రొమ్ములు సహజంగానే గట్టిపడి ఉంటాయి. కూర్చుండబెట్టి, చేతులు పైకెత్తించి, చర్మం సొట్టపడినదా, చనుమొన లోపలికి పోయినదా అని చూడాలి. తర్వాత పడుకోబెట్టి, మూడు వేళ్ల మెత్తని భాగంతో రొమ్ము అంతటా, చంకలోనూ, మెడ ఎముకపైనా తడిమి చూడాలి.

ఇంగ్లండులో 50 నుండి 71 ఏళ్ల లోపు స్త్రీలకు మూడేళ్లకొకసారి మామోగ్రామ్‌కు పిలుపు వస్తుంది. మన దేశంలో 2016 నాటి ప్రభుత్వ మార్గదర్శకాలు 30 నుండి 65 ఏళ్ల వారికి ఐదేళ్లకొకసారి చేతి పరీక్షను నిర్దేశించాయి. చేతి పరీక్షే కదా అని చులకన చేయరాదు. ముంబయిలో టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు 1998లో ప్రారంభించి, సుమారు లక్షన్నర మంది స్త్రీలపై జరిపిన అధ్యయన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. శిక్షణ పొందిన కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో పరీక్షించగా, వ్యాధి మరింత తొలి దశలో బయటపడింది. 50 ఏళ్లు, ఆపైబడినవారిలో ఈ వ్యాధితో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్న చిన్నవారిలో మాత్రం అటువంటి తగ్గుదల కనిపించలేదు.

గడ్డ చేతికి తగిలిన తర్వాత విషయం వేరు. అప్పుడు వయస్సును బట్టి అల్ట్రాసౌండ్ గాని, మామోగ్రామ్ గాని, అవసరమైతే సూది పరీక్ష గాని చేయించాలి. మామోగ్రామ్‌లో ఏమీ కనిపించకున్నా, అనుమానాస్పదమైన గడ్డను అంతటితో విడిచిపెట్టరాదు. సూది గుచ్చితే వ్యాధి పాకుతుందని అత్తగార్లూ తోడికోడళ్లూ భయపెడతారు. ఆ భయానికి ఆధారం లేదు. చేతికి తగిలే గడ్డలలో అధిక భాగం క్యాన్సర్ కానివే. అయితే ఏది ఏదో వేలికొన చెప్పలేదు.

ఆముదపుటాకును నేను నేటికీ వాడుతున్నాను, మోకాళ్ల వాపునకు. రొమ్ము గడ్డతో వచ్చినవారికి మాత్రం లేపనం అడిగినా ఇవ్వక, ముందుగా పరీక్షలకు చీటీ వ్రాసి, వాటి కాగితాలతో వారంలోగా తిరిగి రమ్మంటున్నాను.