మాట్లాడేవారిని కాదు, వస్తువును చూడండి

ప్రశ్న: స్పానిష్ నేర్చుకుంటున్నాను. మగవాణ్ణి కాబట్టి ‘మా ఇల్లు’ అనడానికి ‘న్వెస్త్రో కాసా’ అని రాశాను. టీచరుగారు ‘న్వెస్త్రా కాసా’ అని దిద్దారు. ఎందుకండీ?

జవాబు: మీ టీచరుగారు దిద్దింది సరైనదే. తెలుగులో ‘అతని’, ‘ఆమె’ అన్నప్పుడు మనం యజమానిని చూస్తాం. స్పానిష్‌లో మాత్రం ‘మా’ లాంటి మాట, సొంతమైన వస్తువు లింగవచనాలను అనుసరిస్తుంది. ‘కాసా’ స్త్రీలింగం కనుక ఇద్దరు మగవాళ్ళు చెప్పినా ‘న్వెస్త్రా కాసా’యే. పుస్తకం పుంలింగం కనుక ‘న్వెస్త్రో లిబ్రో’. బహువచనంలో ‘న్వెస్త్రోస్ లిబ్రోస్’.

నామవాచకానికి ముందు వచ్చే ‘మి’, ‘తు’, ‘సు’లకు లింగభేదం లేదు, వచనభేదమే ఉంది: ‘మి కాసా’, ‘మిస్ కాసాస్’. అవే నామవాచకం తర్వాత వస్తే లింగం కూడా చేరుతుంది: పుస్తకం ‘మీయో’, ఇల్లు ‘మీయా’.

‘సు కాసా’ అంటే అతని ఇల్లు, ఆమె ఇల్లు, వాళ్ళ ఇల్లు, మీ ఇల్లు ఏదైనా కావచ్చు. సందేహం వస్తుందనుకుంటే ‘లా కాసా దె ఎయ్యా’ (ఆమె ఇల్లు) అని విడమరచి చెప్పండి.

‘ఓ’తో ముగిస్తే పుంలింగం, ‘ఆ’తో ముగిస్తే స్త్రీలింగం అని పదం చివరి అక్షరాన్ని నమ్ముకోకండి. ‘మానో’ (చెయ్యి) స్త్రీలింగం, ‘మాపా’ (పటం) పుంలింగం. నీటిని పుంలింగానికి వాడే ‘ఎల్’ చేర్చి ‘ఎల్ ఆగ్వా’ అంటారు కానీ అది స్త్రీలింగమే; అందుకే ‘న్వెస్త్రా ఆగ్వా’ అనాలి. కొత్త పదం నేర్చుకున్నప్పుడే దాని లింగమూ నేర్చుకోండి. ఈ చిక్కు చాలావరకు తీరిపోతుంది.