ఆస్తి పంపకంలో ఆడపడుచుల వాటా

ఇంటి పెద్ద కన్నుమూస్తాడు. జనాజా నమాజు, ఖననం, బంధువుల పరామర్శలు ముగుస్తాయి. కొన్ని నెలలకు అన్నదమ్ములు హక్కు విడుదల పత్రం తెచ్చి అక్క ముందు పెట్టి, "ఆపా, ఇక్కడ ఒక సంతకం పెట్టు" అంటారు. ఆమె మారుమాట్లాడకుండా పెడుతుంది. అడిగితే పుట్టింటి గడప తనకు దూరమవుతుందని ఆమె భయం. "మా ఆపా తన వాటా మాఫ్ చేసింది" అని తమ్ముళ్లు నలుగురిలో చెప్పుకుంటారు.

మన ఇళ్లలో తరచుగా కనిపించే దృశ్యమిది. నమాజు, ఉపవాసాల విషయంలో జాగ్రత్త వహించే కుటుంబాలు సైతం ఈ విషయంలో పొరపడుతున్నాయి. నిజంగా ఇది మాఫీయేనా? రేపు అల్లాహ్ సన్నిధిలో ఆ సంతకం చెల్లుతుందా?

అల్లాహ్ నిర్ణయించిన వాటా

తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు వదలివెళ్లిన ఆస్తిలో పురుషులకు వాటా ఉన్నట్లే స్త్రీలకూ వాటా ఉందని, ఆస్తి కొద్దిదైనా గొప్పదైనా ఆ వాటా తప్పనిసరి అని సూరా నిసా 7వ ఆయతు తెలియజేస్తుంది. అదే సూరా 11, 12, 176 ఆయతుల్లో ఎవరికెంత అన్నది అల్లాహ్ స్వయంగా నిర్ణయించాడు. నమాజులో రకాతుల సంఖ్య వంటి వివరాలను ప్రవక్త (స) ద్వారా నేర్పిన అల్లాహ్, వారసత్వపు వాటాలను మాత్రం ఖుర్‌ఆన్‌లోనే సగం, నాలుగోవంతు, ఎనిమిదోవంతు అని లెక్కకట్టి చెప్పాడు. ఇవి తాను విధించిన హద్దులని, వీటిని అతిక్రమించేవారికి నరక శిక్ష ఉందని 13, 14 ఆయతుల్లో హెచ్చరించాడు.

ఈ ఆయతుల అవతరణ వెనుక ఒక తల్లి ఆవేదన ఉంది. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) ఉహద్ యుద్ధంలో అమరగతి పొందారు. ఆయన భార్య తన ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) వద్దకు వచ్చారు. పిల్లల బాబాయి ఆస్తి మొత్తం తీసేసుకున్నాడని, ఏమీ లేని ఆడపిల్లల పెళ్లి ఎలా జరుగుతుందని మొరపెట్టుకున్నారు. అల్లాహ్ దీనిపై తీర్పు ఇస్తాడని ప్రవక్త (స) చెప్పారు. వారసత్వపు ఆయతు అవతరించింది. ఆయన (స) ఆ బాబాయిని పిలిపించి, కూతుళ్లిద్దరికీ మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదోవంతు ఇచ్చి, మిగిలినది తీసుకోమని ఆదేశించారు. అంటే 24 భాగాల్లో కూతుళ్లకు 16, తల్లికి 3, బాబాయికి 5 వచ్చాయి. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఈ సంఘటన నమోదై ఉంది.

పంపకానికి ముందు

మరణించిన వ్యక్తి ఆస్తి నుండి వరుసగా నాలుగు పనులు జరగాలి. మొదటిది కఫన్, ఖననం ఖర్చు. రెండవది అప్పులు తీర్చడం. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. మూడవది వసీయత్, అంటే వీలునామా అమలు. ఇది అప్పులు పోగా మిగిలిన దానిలో మూడోవంతుకు మించరాదు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖాస్ (రజి) జబ్బుపడినప్పుడు మూడింట రెండు వంతులు దానం చేస్తానన్నారు. ప్రవక్త (స) వద్దన్నారు. సగం అన్నా ఒప్పుకోలేదు. మూడోవంతుకు అనుమతిస్తూ, అదీ ఎక్కువేనన్నారు. వారసుల్ని పరుల ముందు చేయిచాచేలా వదలడం కన్నా కలిగినవారిగా వదలడం మేలని బోధించారు. వారసునిగా వాటా ఉన్నవారికి వసీయత్ లేదన్నది కూడా ప్రవక్త (స) బోధనే. కనుక "ఇల్లంతా పెద్దబ్బాయికే" అని రాసిన వీలునామా తక్కిన వారసులు ఒప్పుకోనిదే చెల్లదు. నాలుగవది వారసుల మధ్య పంపకం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వ్యక్తి 40 లక్షల రూపాయల ఆస్తి వదలి మరణించాడు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. తల్లిదండ్రులు ముందే గతించారు. ఖనన ఖర్చు, అప్పులు, మహర్ కలిపి 5 లక్షలు. మద్రసాకు వసీయత్ 3 లక్షలు. మిగిలింది 32 లక్షలు. ఇందులో భార్యకు ఎనిమిదోవంతు, అంటే 4 లక్షలు. మిగతా 28 లక్షల్లో కొడుకుకు 14, ఒక్కొక్క కూతురికి 7 లక్షలు. కుటుంబ పోషణ, మహర్ చెల్లింపు బాధ్యత పురుషునిపై ఉంది. స్త్రీ వాటా ఆమె సొంతం, దానిపై భర్తకు కూడా అధికారం లేదు.

మనం చెప్పుకునే సాకులు

"పెళ్లికి జహేజ్ ఇచ్చాం కదా!" తండ్రి బతికుండగా ఇచ్చింది కానుక. మరణానంతరం వచ్చే వాటాకు అది బదులు కాదు. పైగా కట్నం మన ధర్మం నేర్పిన ఆచారమే కాదు.

"తనే వద్దంది." తన వాటా ఎంతో తెలియకుండా, మొహమాటంతో, భయంతో అన్న మాట మాఫీ కాదు. పండితులు చెప్పే మార్గం ఇది: ముందు వాటా లెక్కగట్టి ఆమె చేతికి అప్పగించాలి. ఆ తర్వాత ఆమె ఇష్టపూర్వకంగా తమ్ముడికి ఇస్తే అది కానుక అవుతుంది.

"పొలం ఆడవాళ్లకు ఇవ్వడం మా ఆనవాయితీ కాదు." స్త్రీలకు వాటా ఎగ్గొట్టే ఇలాంటి స్థానిక ఆచారాలను తొలగించాలనే మన దేశంలో 1937లో షరీఅత్ చట్టం తెచ్చారు. నాడు ఆ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించింది. అల్లాహ్ ఆజ్ఞలో మాత్రం అలాంటి మినహాయింపు లేదు.

"బ్యాంకులో నామినీని నేనే." నామినీ డబ్బు అందుకొనేవాడు మాత్రమే. ఆ డబ్బు వారసులందరికీ చెందుతుంది.

వారసుల్లో చిన్నపిల్లలుంటే మరింత జాగ్రత్త అవసరం. ఉమ్మడి సొమ్ముతో విందులు చేయడమంటే అనాథల సొమ్ము తినడమే. అలా తినేవారు కడుపుల్లో అగ్ని నింపుకుంటున్నారని సూరా నిసా 10వ ఆయతు హెచ్చరిస్తుంది.

నేడే చేయవలసిన పనులు

పెద్దలారా! ఆస్తులు, అప్పులు, అమానతులు, ఇవ్వవలసిన మహర్ ఒక కాగితంపై రాసి పెట్టండి. వసీయత్ చేయవలసినది ఉన్న విశ్వాసి దాన్ని రాసి ఉంచకుండా రెండు రాత్రులు గడపరాదని ప్రవక్త (స) బోధించారు. కొడుకు మీకన్నా ముందే మరణించి, ఇతర కొడుకులు ఉంటే, అతని పిల్లలకు వారసత్వం రాదు. అలాంటి మనుమలకు మూడోవంతులోపు వసీయత్ చేయండి. బతికుండగా బిడ్డలకు కానుకలిస్తే న్యాయంగా ఇవ్వండి. ఒక్క బిడ్డకే ఇచ్చిన కానుకకు సాక్షిగా ఉండేందుకు ప్రవక్త (స) నిరాకరించారు.

సోదరులారా! తల్లి ఉంటున్న ఇంటిని వెంటనే అమ్మలేకపోతే, ఎవరి వాటా ఎంతో రాసుకోండి. అద్దె వస్తే ఆ లెక్కనే పంచండి. ఏళ్ల క్రితం ఆపా చేత సంతకం పెట్టించుకున్నవారు ఈ రోజే ఆమె ఇంటికి వెళ్లండి. వాటా చెప్పండి, చెల్లించండి, ఆలస్యానికి క్షమాపణ అడగండి. ఆమె గతించి ఉంటే ఆమె వారసులకు ఇవ్వండి. పుట్టింటి గడప ఆమెకు ఎప్పటిలా తెరిచే ఉంచండి.

హక్కుదారుల హక్కులు ఇహలోకంలోనే తీర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.