బావి గట్టున పిల్లలు: ఈత నేర్పండి, కాపలా మానకండి

పత్తి ఏరే రోజులొస్తే రఘునాథపల్లి చుట్టుపక్కల ఇంటిల్లిపాదీ చెల్కకు కదలవలసిందే. పిల్లలను చూసేవారు లేక వెంట తీసుకుపోతాం. సరిగ్గా అప్పుడే వానలకు బావులు, కుంటలు నిండి ఉంటాయి. మన చూపు పత్తి మీద, పిల్లల ఆట గట్టు మీద. నీళ్లలో పడ్డ పసిబిడ్డ తరచుగా అరవకుండానే మునిగిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు 5 ఏళ్ల లోపు పిల్లలే.

ఏ వయసులో నేర్పాలి?

6 ఏళ్లు దాటిన పిల్లలందరికీ ఈత నేర్పాలని ఆ సంస్థ సలహా. బంగ్లాదేశ్ పల్లెల్లో 4 ఏళ్ల నుంచే ఊరి చెరువుల్లో నేర్పారు. 25 మీటర్లు ఈదడం, 30 సెకన్లు తేలడం వస్తేనే నేర్చినట్లు లెక్క. ఆడపిల్లలకూ తప్పక నేర్పండి.

ఎట్లా నేర్పాలి?

1. పిల్లల నడుము లోతు నీళ్లే చాలు. మట్టి తీసిన చెరువుల్లో గుంతలుంటాయి, ముందు మీరు దిగి చూడండి.

2. కరెంటు మోటారు ఉన్న బావిలో పిల్లలను దించకండి.

3. సొరకాయ బుర్ర, ట్యూబు కట్టినా నమ్మకం లేదు. ఈత వచ్చిన పెద్దవారు చేయి అందే దూరంలో నీళ్లలోనే ఉండాలి.

4. ముందు వెల్లకిలా తేలడం, ఒడ్డు పట్టుకోవడం నేర్పండి. ఈదడం ఆ తర్వాత.

ఈత వచ్చినా కాపలా కావాలి

ఈత వచ్చిన పిల్లలు కూడా భయపడితే మునుగుతారు. బావి చుట్టూ పిల్లలు ఎక్కలేని గోడో, కంచెనో కట్టండి. 3 ఏళ్లు నిండిన వారిని అంగన్‌వాడీకి పంపండి. చెల్కకు తెస్తే, కూలీల్లో ఒకరికి పిల్లలను చూసే పనే అప్పగించండి. ఇంటికాడ నీళ్ల గోలెంపై మూత ఉంచండి.

ప్రమాదం జరిగితే

ఈత రానివారు దూకొద్దు. మోకు, చీరె, కర్ర ఏది దొరికితే అది అందించండి. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయకండి, పొట్ట నొక్కకండి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి నోట్లోకి ఊపిరి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కడం, 2 సార్లు ఊదడం ఆపకుండా చేయండి. ఈలోగా మరొకరు 108కి ఫోన్ చేయాలి.

ఈసారి పత్తి ఏరే ముందే మీ బావి గట్టు ఒక్కసారి చూసి రండి.