ఒక నగరము, ఒక లోయ

చిరంజీవియగు మేనకోడలికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.  

నీ జాబు చేరినది. జర్మనీలోని ఫ్రైబుర్గు విశ్వవిద్యాలయమున చేరి యింకను సంవత్సరము నిండకమునుపే, ఐదు దినముల సెలవులో యూరపు ఖండమున సగము చుట్టి రావలెనను కోరిక నీకు కలిగినందుకు నేను ఆశ్చర్యపడలేదు. దేశపటమును ముందు పరచుకొని కూర్చున్న వయసువారికెల్లరకు నగరములు జానెడు దూరముననే కనిపించును. కాని పారిసు, జ్యూరిచ్, లుసెర్న్, ఇంటర్‌లాకెన్, మిలాను అని వరుసగా వ్రాసి, ఒక్కొక్క పేరునకు ఎదురుగా ఒక్కొక్క తేదీ వేసి నీవు పంపిన పట్టికను చూచినప్పుడు, నీవు చూడబోవునవి ఊళ్లు గావనియు, రైలు స్టేషనులును, సామాను గదులును, హోటళ్ల మెట్లును మాత్రమే యనియు నాకు తోచినది. పెట్టె సర్దుటకును, విప్పుటకును, బండి కొరకు కాచుకొనుటకును పోగా ఆ ఐదు దినములలో నీకు మిగులు పగటి వేళ యెంతయో నీవే యొక కాగితముపై లెక్కవేసి చూచుకొనుము.

అందుచేత నా సలహా యిది: ఒక నగరము, ఒక లోయ. అంతకు మించి వలదు. నగరము స్విట్జర్లాండులోని బెర్న్, లోయ దానికి ఆగ్నేయముననున్న లౌటర్‌బ్రున్నెన్. పారిసు ఎక్కడికిని పోదు. దానికి వేరొక సెలవు కేటాయింపవచ్చును.

బెర్న్ నగరమునే యేల యెన్నుకొంటినని నీవడుగవచ్చును. మొదటి కారణము, నీవిప్పుడు నివసించుచున్న ఊరును, బెర్న్‌ను స్థాపించినది ఒకే రాజవంశము. జెహ్రింగెన్ ప్రభువులు 1120లో ఫ్రైబుర్గున అంగడి పట్టణమును నెలకొల్పిరి. ఆ వంశమున కడపటివాడైన ఐదవ బెర్తోల్డు 1191లో ఆరె నది మూడువైపుల చుట్టి ప్రవహించు నిడుపాటి మిట్టపై బెర్న్‌ను నిర్మించెను. నీవు నిత్యము దాటిపోవు ఆ సన్నని వీధికాలువలను గుర్తుంచుకొనుము. బెర్న్ పాతవీధుల నడుమను అట్టిదే యొక కాలువ పారుచుండును. పరిచితమైన దానినుండి అపరిచితమైన దానిలోనికి అడుగిడువానికి చూపు త్వరగా కుదురును. రెండవ కారణము, ఫ్రైబుర్గు నుండి బాసెల్ మీదుగా రెండు గంటలకు అటునిటుగా బెర్న్ చేరవచ్చును గనుక, బయలుదేరిన దినము వృథా కాదు. మూడవది నాకన్నిటికంటె ముఖ్యమైనది: నగరమును, లోయను కలుపునది నీరు. లౌటర్‌బ్రున్నెన్ కొండలనుండి దుముకు జలమంతయు లూట్షినె యను ఏరుగా బ్రియెన్జ్ సరస్సున కలిసి, అచ్చటనుండి ఆరె నదియై థూన్ సరస్సును దాటి, బెర్న్ వంతెనల క్రిందుగా సాగిపోవును. నగరమున వంతెనపై నిలిచి నీవు చూచు ఆ పచ్చని నీటి పుట్టుకను వెదకికొనుచు ఎగువకు పోవుటయే నీ యాత్ర.

ఇక ఏర్పాటునకు సంబంధించిన ప్రధాన సూత్రమును చెప్పెదను. నగరమునకు ఎండతో పనిలేదు. ఎండ లేనిదే కొండతో పనిలేదు. యాత్రా పత్రికలు మొదటి దినమిది, రెండవ దినమది యని ముద్రించుచుండును గాని, ఆ ముద్రాపకునికి ఆకాశముతో ఒప్పందమేమియు లేదు. నీవు రెండు రాత్రులు బెర్న్‌లోను, రెండు రాత్రులు లోయలోను గడుపునట్లు అనుకొనుము; కాని గదులను రద్దు చేసికొనుటకు వీలుండు పద్ధతిలోనే తీసికొని, ఏది ముందు ఏది వెనుక యనునది బయలుదేరుటకు రెండు దినముల ముందు వాతావరణ సూచనను చూచి నిశ్చయింపుము. బెర్న్ నుండి లౌటర్‌బ్రున్నెన్ గంటన్నర లోపలి ప్రయాణము గావున, గదులు దొరకని పక్షమున నాలుగు రాత్రులును బెర్న్‌లోనే ఉండి ఉదయమే కొండకు పోయి వచ్చినను నష్టము లేదు.

వాన పడుచున్న దినమున బెర్న్ ఎంత సుఖముగా నుండునో చెప్పుటకు నాకు ఉత్సాహముగా నున్నది. 1405లో మహాగ్నిప్రమాదము సంభవించి కొయ్యయిండ్లు దగ్ధము కాగా, పౌరులు సమీపపు గనులనుండి తెచ్చిన ఆకుపచ్చ ఛాయగల బూడిదవర్ణపు ఇసుకరాతితో ఊరిని తిరిగి కట్టుకొనిరి. ఆ యిండ్ల ముందు వీధివెంబడి కప్పుగల కమానుల వసారాలు వరుసగా సాగిపోవును. అన్నియు కలిపిన ఆరు కిలోమీటర్ల పొడవుండునందురు. గొడుగు లేకయే ఊరు చుట్టిరావచ్చును. ఆ వసారాల అంచున, వీధివైపునకు వాలుగా అమర్చిన తలుపులు కనిపించును. పూర్వము అవి ద్రాక్షసారాయి, ధాన్యము దాచుకొను నేలమాళిగలకు దారులు, ఇప్పుడు వానిలో పెక్కు చిన్న చిన్న దుకాణములు. తలుపు తెరచియున్న చోట రెండు మెట్లు దిగి చూడుము. వీధి చప్పుడు వెంటనే మాయమగును. పాతనగరమంతటిని యునెస్కోవారు 1983లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి.

గడియార గోపురము కడ జనము గుమిగూడుదురు. గంట కొట్టుటకు నాలుగైదు నిమిషములు ముందుగానే నీవచ్చట నుండవలెను, ఏలయన కోడి కూయుట, ఎలుగుబంటి బొమ్మలు చుట్టు తిరుగుట, విదూషకుడు గంటలు మ్రోగించుట యనునవి గంటకు పూర్వమే మొదలగును. 1530లో కాస్పర్ బ్రున్నర్ అమర్చిన యంత్రమే నేటికిని ఆ బొమ్మలను నడిపించుచున్నది. నిజము చెప్పవలెనన్న ఆ బొమ్మలాట స్వల్పమే. దాని ప్రక్కనున్న ఖగోళ గడియారమును మాత్రము తొందరపడక చూడుము. సూర్యుడు ఏ రాశియందున్నాడో చూపు ఆ ఫలకమును, పంచాంగము చూచు ఇంట పుట్టిన నీవు ఇతర యాత్రికులకంటె సులభముగా గ్రహింపగలవు.

అచ్చటనుండి కొలది అడుగుల దూరమున, క్రామ్‌గాసె వీధిలో 49వ సంఖ్యగల ఇంట 1903 నుండి 1905 వరకు ఐన్‌స్టీను కాపురముండెను. పేటెంటు కార్యాలయమున మూడవ తరగతి పరీక్షకుడుగా పగలంతయు పరుల యంత్రముల దరఖాస్తులు పరిశీలించుచు, 1905లో భౌతికశాస్త్రమును మలుపు త్రిప్పిన వ్యాసములను వ్రాసిన యువకుడు నివసించిన గదులెంత యిరుకైనవో కన్నులార చూచుట, ఇంజనీరింగు చదువుచు నీ గది చిన్నదని మీ అమ్మకు ఫిర్యాదు చేయుచున్న నీకు విశేషముగా ఉపయోగపడును. ఆపై పెద్ద దేవాలయమైన మ్యూన్‌స్టర్‌కు పొమ్ము. దాని నిర్మాణము 1421లో మొదలై, శిఖరము 1893లో గాని పూర్తి కాలేదు. 1528లో బెర్న్ మతసంస్కరణను అంగీకరించినపుడు లోపలి విగ్రహములను తొలగించిరి; కాని ప్రధానద్వారముపై ఎర్హార్ట్ క్యూంగ్ చెక్కిన కడపటి తీర్పు దృశ్యమును విడిచిపెట్టిరి. పుణ్యాత్ములును పాపులును చెరియొక వైపున క్రిక్కిరిసియున్న ఆ శిల్పములో రాజులును, మతగురువులును గూడ నరకమున పడియుండుట గమనింపుము. గోపురమునకు మూడువందలకు మించిన మెట్లు గలవు; మబ్బు విడిన దినమున పైనుండి ఆల్ప్స్ శ్రేణి యంతయు కనిపించును. ఉదయమున ఆ శిఖరములు స్పష్టముగా కనిపించెనా, గోపురము దిగి నేరుగా స్టేషనునకు పొమ్ము. ఎలుగుబంట్ల తోటయు, వస్తుప్రదర్శనశాలలును మరునాటికి ఆగగలవు.

కొండదారిలో ఇంటర్‌లాకెన్ తగులును. అది రెండు సరస్సుల నడుమనున్న కూడలి. మన దేశీయులు అచ్చటనే దిగి తృప్తిపడుదురు, హిందీ చిత్రదర్శకుడు యశ్ చోప్రా విగ్రహమును గూడ అచ్చట నిలిపిరి. నీవు బండి మారి మరి యిరువది నిమిషములు ముందుకు పొమ్ము. రెండు నిలువు రాతిగోడల నడుమ చదునైన పచ్చికనేలయే లౌటర్‌బ్రున్నెన్ లోయ. ఊరి చివర దాదాపు మూడువందల మీటర్ల ఎత్తునుండి స్టౌబ్బాఖ్ జలపాతము పడును. పడునన్న మాటయే గాని, నీరు సగము దూరమునకే గాలికి చెదరి తుంపరయై ప్రక్కకు కొట్టుకొనిపోవుచుండును. 1779లో జర్మను కవి గోథే దీనిని చూచి కవిత చెప్పెను. దీనికి పూర్తిగా విరుద్ధమైనది ట్రుమ్మెల్‌బాఖ్: ఐగర్, మ్యోంఖ్, యూంగ్‌ఫ్రౌ అను మూడు శిఖరముల హిమానీనదముల నీరు కొండ గర్భమును తొలుచుకొని, పది జలపాతములుగా చీకటిలో విరుచుకొనిపడును. ఉద్ధృతివేళ సెకనుకు ఇరువదివేల లీటర్ల వరకు నీరు పోవుననియు, కొండయే కంపించుచున్నట్లుండుననియు చెప్పుదురు. వానకోటు లేక పోవలదు. చలికాలమున దానిని మూసివేయుదురు.

యూంగ్‌ఫ్రౌయోఖ్ కనుమకు పోవు రైలు గూర్చి నీవు ప్రత్యేకముగా అడిగితివి. 3,454 మీటర్ల ఎత్తున స్టేషను గల ఆ రైలుమార్గము అడోల్ఫ్ గూయర్-జెల్లర్ అను పారిశ్రామికుని సంకల్పము. 1896లో పని మొదలైనది; ఆయన 1899లో మరణించెను; బండి పైకి చేరినది 1912లో. తొమ్మిది కిలోమీటర్లకు పైబడిన దారిలో ఏడు కిలోమీటర్లవరకు ఐగర్, మ్యోంఖ్ కొండల గర్భమునందలి సొరంగమే. బండి యెక్కకమునుపు పట్టాల నడుమకు వంగి చూడుము: పండ్లు గల ఉక్కుకమ్మి యొకటి కనిపించును, ఇంజనుక్రింది పంటిచక్రము దానిని పట్టుకొనియే యెగబ్రాకును. ఊటీ బండియు ఇదే తీరున కూనూరు ఘాటు నెక్కును. దానిని లాగిన ఆవిరి ఇంజనులలో పెక్కు స్విట్జర్లాండులోని వింటర్‌తూర్ కర్మాగారమున తయారైనవే.

అయినను నా అభిప్రాయము దాపరికము లేక చెప్పెదను. ఆ టిక్కెట్టు ధర విద్యార్థికి బరువైనది. మబ్బు పట్టిన దినమున పైన కనిపించునది తెల్లని గోడ మాత్రమే. పైనుండి తీయు ప్రత్యక్ష చిత్రములను ఉదయముననే ఫోనులో చూడవచ్చును గావున, అవి చూచి, ఆకాశము నిర్మలముగా నున్నయెడలనే టిక్కెట్టు కొని, మొదటి బండికే పొమ్ము. వేసవిలో మధ్యాహ్నము తరువాత తరచుగా మబ్బులు మూసికొని ఉరుములు మొదలగును. పైన ఆల్ప్స్‌లోకెల్ల పొడవైన అలెచ్ హిమానీనదము కన్నుల ముందు వాలియుండుట అద్భుతమే. కాని ఎనిమిదివందల మీటర్ల ఎత్తుననున్న లోయనుండి రెండు గంటలలో అంత యెత్తునకు పోయినవారికి తలనొప్పియు, ఆయాసమును కలుగవచ్చును. మెట్లపై పరుగెత్తక, నీరు త్రాగుచు, మెల్లగా నడువవలెను.

నన్నడిగిన, దానికంటె మెన్లిఖెన్ నుండి క్లైనె షైడెగ్ వరకు గల కాలిబాటయే ఉత్తమము. లౌటర్‌బ్రున్నెన్ నుండి వెంగెన్‌కు చిన్నబండి, అచ్చటనుండి మెన్లిఖెన్‌కు తీగబండి; ఆపై గంటన్నర నడక, అదియు ఇంచుమించు దిగువకే. వెంగెన్ వీధులలో మోటారుకార్ల రొద లేదు. బాట పొడవునను ఆవుల మెడగంటలు వినిపించును. మూడు శిఖరములును ఎదుటనే నిలిచియుండును. 1938 వరకు ఏ పర్వతారోహకుడును ఎక్కజాలకపోయిన ఐగర్ ఉత్తరపు గోడ ఎంత నిలువుగా నున్నదో అచ్చటనుండి చూచిననే తెలియును.

నీవు పెంతెకొస్తు సెలవులా, సెప్టెంబరా యని సందేహించుచున్నావు. మే చివర జలపాతములు నిండుగా నుండును, నిజమే; కాని ఎత్తైన బాటలపై మంచు కరగక, కొన్ని తీగబండ్లు మరమ్మతునకు ఆగియుండవచ్చును. నడువదలచిన నీకు సెప్టెంబరే మేలు.

వ్యవహారముల మాట. స్విట్జర్లాండు యూరోపియను యూనియనులో లేకున్నను షెంగెన్ ఒప్పందమున నున్నది గనుక, నీ జర్మను నివాసపత్రమును, పాస్‌పోర్టును వెంట నుంచుకొనిన వేరు వీసా అక్కరలేదు. నూట ఎనుబది దినములలో తొంబది దినముల పరిమితి మాత్రము కలదు. అచ్చటి నాణెము ఫ్రాంకు, యూరో కాదు. నీ జర్మనీ రైలుపాసు బాసెల్‌లోని జర్మను స్టేషనుతో సరి. అటుపై సగము ధర కార్డు కొనుటయా, స్విస్ ట్రావెల్ పాసు కొనుటయా యనునది నీ టిక్కెట్ల మొత్తమును లెక్కించి తేల్చుకొనవలెను; పాసు ఇరువదియైదేండ్లు నిండనివారికి తక్కువ ధరకు దొరకును గాని, వెంగెన్ దాటిన తరువాత కొండబండ్లపై తగ్గింపు మాత్రమే యిచ్చును. ఫోను రోమింగుపై యూరోపియను యూనియను నియమము అక్కడ చెల్లదు. నీ కంపెనీ షరతులు చదువుము, లేనిచో బిల్లు టిక్కెట్టును మించగలదు. కొండపై హెలికాప్టరు సాయపు వ్యయము నీ జర్మను ఆరోగ్యబీమాతో పూర్తిగా తీరదు. చిన్న ప్రయాణబీమా తీసికొనుము. ఆదివారము దుకాణములు మూసియుండును, పెద్ద స్టేషనులలోనివి తప్ప. మాంసము తినని నీకు ఆలుగడ్డ రోస్టి యుండును. పందిమాంసపు ముక్కలు వేయవలదని ముందే చెప్పుము. ఒక పూటకు పులిహోర కలిపి పట్టుకొనిపోయిన కొండమీది భోజనశాల ఖర్చు తప్పును. వీధి కుళాయిల నీరు త్రాగవచ్చును, సీసాలు కొనవలదు.

తిరుగు ప్రయాణమున రైలుకు బదులు ఇంటర్‌లాకెన్ నుండి థూన్ వరకు సరస్సుపై పడవలో రమ్ము. థూన్ కోటయు ఆ ఐదవ బెర్తోల్డు కట్టించినదే.

మరి యొక్కటి. 1830లో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు దారిపొడవునను ఏ మజిలీలో నీరెట్టిది, ఏ వస్తువు దొరకును, ఏ బాట గతుకులది యని వ్రాసిపెట్టుచు పోయిరి. నీవును ప్రతి రాత్రియు ఒక పుట వ్రాయుము; ఫోటోలు వేయి తీసినను ధరలును, దూరములును, వాసనలును వానిలో పడవు.

ఈ జాబు చేరగానే సెప్టెంబరులో నీకు వీలైన తేదీలు తెలుపుచు ప్రత్యుత్తరము వ్రాయుము. లౌటర్‌బ్రున్నెన్‌లో గదులు తక్కువ, అవి నెలల ముందే నిండిపోవును; కావున గది విషయమున ఆలస్యము చేయవలదు.

ఆశీస్సులతో,
నీ మేనమామ