ధ్వని బలము, కంపన బలము: మనుష్యుడు వానిని పోల్చు విధము

క్వారీలో రాతిని తొలుచు డ్రిల్లును పట్టుకొని పనిచేయువానికి చెవిని మ్రోత, చేతిని అదురు ఒక్కసారిగా తాకుచుండును. వీనిలో ఏది బలమైనదని అడిగినచో అతడు తడుముకొనక బదులు చెప్పగలడు. వినికిడి వేరు, స్పర్శ వేరు. అయినను మనస్సు రెంటిని ఒకే త్రాసులో తూచును.

ఈ త్రాసును పరీక్షకు పెట్టినవాడు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎస్.ఎస్. స్టీవెన్స్. 1959లో ప్రకటించిన పరిశోధనలో ఆయన, పరీక్షకు వచ్చినవారి వ్రేలికొనకు సెకనుకు 60 మారుల కంపనమును తగిలించి, చెవులకు ధ్వనిని వినిపించెను. వ్రేలికి తోచిన బలమునకు సరిపోవువరకు వారు ధ్వనిని హెచ్చించుటయో తగ్గించుటయో చేయవలెను. పిమ్మట ధ్వనికి సరిపడునట్లు కంపనమును మార్చవలెను. అంకెలు చెప్పనక్కరలేదు. రెండు ఇంద్రియములను వేరువేరుగా కొలిచి ముందు కట్టిన లెక్కకు ఈ ఫలితములు చాలవరకు సరిపోయినవి.

ఆ లెక్క ఇట్టిది. అట్టి కంపనములో వస్తువు ఊగు దూరము రెట్టింపైనచో, వ్రేలికి బలము కూడ ఇంచుమించు రెట్టింపుగనే తోచును. చెవి అట్లు కాదు. ధ్వని 10 డెసిబెల్లులు పెరిగినప్పుడు దాని శక్తి పదిరెట్లగును. మ్రోత మాత్రము సుమారు రెట్టింపైనట్లు తోచును. 20 డెసిబెల్లులకు శక్తి నూరురెట్లు, తోచునది నాలుగురెట్లు. చెవి పిసినారి గుమాస్తా వంటిది. వచ్చినదంతయు లెక్కలో చూపదు.

లెక్కలో చూపకున్నను, దెబ్బ తగులక మానదు. లోచెవిలోని సున్నితమైన కేశకణములు ధ్వనిశక్తికి లోనై నశించును. నశించినవి మరల మొలవవు. మన కర్మాగారముల నియమములలో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్లులు హద్దుగా పెట్టబడినది. అది 100 అయినచో పనివానికి మ్రోత సుమారు రెట్టింపైనట్లు మాత్రమే తోచును. చెవిపై పడు శక్తి పదింతలు.

చేయి మరియొక విధముగ మోసపుచ్చును. ఎడతెగని అదురుకు వ్రేళ్లు మొద్దుబారును. మధ్యాహ్నమునకు యంత్రము నెమ్మదించినదని పనివాడు తలంచును. నెమ్మదించినది అతని స్పర్శజ్ఞానము. 1918లో డాక్టరు ఆలిస్ హామిల్టన్, ఇండియానా రాష్ట్రమందలి బెడ్‌ఫర్డులో గాలిసుత్తులతో సున్నపురాయిని చెక్కువారిని పరీక్షించి, చలిలో వారి వ్రేళ్లు తెల్లబారి తిమ్మిరెక్కుటను గమనించెను.

కావున ఎంత బలముగా తోచుచున్నదను దానిని నమ్మక, పరికరముతో కొలిపింపవలెను. కొలుచు పరికరము లేనిచోట, చేయిచాపు దూరములో నున్నవానితో మాటలాడుటకు గొంతు పెంచవలసివచ్చినచో, ఆ మ్రోత 85 డెసిబెల్లులకు చేరువగానో మించియో యున్నదని గ్రహింపవచ్చును. సాయంకాలము చెవులు గీపెట్టుచున్నను, చలివేళ వ్రేళ్లు తెల్లబారుచున్నను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను.