పిలుచు పక్షి పలుకనప్పుడు

పఠన భాగము: 1 సమూయేలు 26వ అధ్యాయము

సౌలు 3,000 మందిని వెంటబెట్టుకొని జీఫు అరణ్యమునకు వచ్చిన వృత్తాంతమును మనము సాధారణముగా దావీదు చూపిన కనికరమును గూర్చియే చదువుచుందుము. రాత్రివేళ పాళెములోనికి పోయి, నిద్రించుచున్న రాజును చంపక, అతని ఈటెను నీళ్లబుడ్డిని మాత్రము అతడు తీసికొనివచ్చిన సంగతి ఆదివారపు బడి పిల్లలకును తెలియును. కాని ఆ అధ్యాయపు 20వ వచనమున దావీదు తన్ను ఒక పక్షితో పోల్చుకొనుటను పలువురు గమనింపక దాటిపోవుదురు. తెలుగు బైబిలులో దానికి కౌజుపిట్ట అని పేరు. హెబ్రీ మూలమున దాని పేరు కోరే, అనగా పిలుచునది. పాత నిబంధనలో పక్షిపేరుగా ఈ మాట రెండే తావుల కనబడును. రెండవది యిర్మీయా 17:11.

ఇందులో ఒక చమత్కారమున్నది. దావీదు దూరపు కొండకొన నిలిచి అబ్నేరును కేకవేయగా, రాజును పిలుచుచున్న నీవెవడవని అబ్నేరు అడుగును. అక్కడి పిలుచుట అను క్రియయు, ఆరు వచనముల తరువాత వచ్చు పక్షిపేరును ఒకే ధాతువునుండి పుట్టినవి. దావీదు మాటలో, పిలిచినవాడే తరుమబడుచున్న ఆ పిలుపుపక్షి. తెలుగు అనువాదకుడు దీనిని నిలుపుట కష్టము. కౌజుపిట్ట అనగానే పిట్ట కనబడును గాని దాని పేరులోని కేక వినబడదు. ప్రాచీన గ్రీకు అనువాదమైతే ఈ చోట పక్షినే మార్చి, రాత్రి తిరుగు పక్షి ఒకటి కొండలలో వేటాడునట్లు వాక్యమును త్రిప్పివేసినది! తరుమబడవలసినదే తరుమునదైనది.

ఆ కొండలలో ఈ కుటుంబపు పక్షులు రెండు కలవు. వాటిలో ఒకటి మన కావ్యములు వెన్నెల త్రాగునని చెప్పిన చకోరమే. వీటిని పట్టుటకు పూర్వమునుండి రెండు పద్ధతులున్నవి. మొదటిది దీమపు పిట్ట. పంజరములోని పక్షి కూయగా అడవి పక్షి బదులు పలికి దగ్గరకు వచ్చి చిక్కును. మన మెట్టపొలాలలోను కౌజులను ఇట్లే పట్టెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని నిషేధించినది. పక్షి పలుకనప్పుడు రెండవ పద్ధతి: అలసిపోవువరకు కొండవెంట తరుముట. దావీదు వాడిన క్రియ ఈ తరుముటయే.

పలుకుట మానిన పక్షిని గూర్చి మిక్కిలి వివరముగా ఆలోచించినవారు నేటి అమెరికా అడవిటర్కీ వేటగాండ్రని నా అభిప్రాయము. టర్కీ కోడి మనకు పెంపుడు పక్షిగానే పరిచయము. 1612లో గోవానుండి వచ్చిన టర్కీని చూచి అబ్బురపడిన జహంగీరు చక్రవర్తి ఉస్తాద్ మన్సూరుచేత దాని చిత్రము వ్రాయించెను. అడవిటర్కీ అదే జాతిదైనను బాగుగా ఎగురును, రాత్రులు చెట్లకొమ్మలపై నిద్రించును. వసంతకాలపు తెల్లవారుజామున పుంజు కొమ్మమీదనుండియే గొంతెత్తి కూయును. వేటగాడు చెట్టు మొదట కూర్చుండి, చిన్న చెక్కపెట్టె మూతను రాపాడించి పెట్టకూతను అనుకరించును. పుంజు బదులు పలుకును. ఇంతలో ఆకస్మికముగా నిశ్శబ్దము!

దీనికి కారణములనేకము. నిజమైన పెట్టలే పుంజును చేరియుండవచ్చును. అప్పుడు దానికి కూయనక్కరలేదు. గాలివాన గాని, నక్కజాతి జంతువు గాని కారణము కావచ్చును. సృష్టిక్రమములో పెట్టయే పుంజునొద్దకు పోవును గనుక, పుంజు నిలిచి ఆమెకొరకు ఎదురుచూచుచుండవచ్చును. వేటగాడు కోరునది ఆ క్రమమునకు విరుద్ధమైనదే కదా! వీటన్నిటికంటె ఆలోచింపదగిన కారణము మరియొకటి. వేట సాగు అడవులలో ధ్వనిముద్రణ యంత్రములనుంచి పరిశీలించిన శాస్త్రజ్ఞులు, మనుష్యుల సంచారము పెరిగినకొలది కూతలు తగ్గుటను గమనించిరి. అనగా వేటగాని చెవికి తగిలిన మౌనము కొంతవరకు వేటగాడు కలిగించినదే.

క్రొత్తవాడు ఈ మౌనమును భరింపలేడు. పక్షి పోయినదనుకొని లేచును. అప్పటికే నిశ్శబ్దముగా సమీపించుచున్న పుంజు అతని కదలికను చూచి మాయమగును. దాని చూపు అంత సూక్ష్మము. అనుభవశాలి మాత్రము చెట్టునకు వీపు ఆనించి, కూత ఆగిన తరువాతను గంటసేపైనను కదలడు. అధికముగా పిలువడు. పెట్టలు మేత గీరుకొను సవ్వడివలె చేతితో ఎండుటాకులను కొంచెముగా కదల్చును. పెట్టలు పొదుగ కూర్చున్న తరువాత (పొదుగుకాలము సుమారు 28 దినములు) ఒంటరియైన పుంజు ప్రొద్దెక్కినాక మరల కూయుటయు కద్దు.

అక్కడ వేట నేర్పువారు గట్టిగా బోధించు నియమమొకటి: కూత వినవచ్చిన దిక్కునకు పొంచి పోరాదు. ఆ కూత మరియొక వేటగానిది కావచ్చును. పొదలో కదలినది పక్షియని తుపాకి పేల్చి తోటి మనుష్యుని గాయపరచినవారును, చంపినవారును ఉన్నారు.

ఇది తెలిసి 1 సమూయేలు 26 చదివిన యెడల సౌలు చేసినదేమో స్పష్టమగును. దావీదు ఒకప్పుడు అతని యెదుటనే సితారా వాయించినవాడు. ఈటె విసరి అతనిని దూరము చేసినదెవరు? ఆ మౌనమునకు కారకుడైనవాడే 3,000 మందితో దానిని తరుమ వచ్చెను. తరుముటవలన కలుగు నష్టమును దావీదు 19వ వచనమున దాపరికము లేక చెప్పుచున్నాడు: తనను యెహోవా స్వాస్థ్యమునుండి అన్యదేవతలున్న చోటికి వెళ్లగొట్టుచున్నారని. పక్షి చచ్చుటయే కాదు, కొండ విడిచిపోవుటయు నష్టమే.

మన సంఘములలో పాటలోను ప్రార్థనలోను ముందుండి, ఒకనాడు పలుకుట మానిన సహోదరుని విషయమై మనము చేయుచున్నదేమి? అయిదుగురు పెద్దలు జట్టుగా ఇంటికి పోయి, ఎందుకు రావడము లేదని ఒకే ప్రశ్నను అయిదు మారులు అడుగుదురు. ఆరవ వారమునకు అతడు తలుపు తీయడు. అతని వీధి అరుగుమీద ఏమియు అడుగక కూర్చుండి వచ్చినవారు మనలో ఎందరు?

దావీదు పిలిచినప్పుడు సౌలు ఆ స్వరమును గుర్తుపట్టి కుమారుడా అని సంబోధించెను. ఒక్క క్షణము వేటగాడు తండ్రియాయెను. తిరిగి రమ్మని పిలిచెను కూడను. దావీదు ఈటెను తీసికొనిపోవుటకు పనివానిని పంపుమనెనే గాని కొండ దిగి రాలేదు. తరువాత 600 మందితో గాతు రాజైన ఆకీషునొద్దకు పోయెను. ఆ వార్త విని సౌలు వెదకుట మానెను. వారిద్దరు మరల కలిసికొన్నట్లు గ్రంథములో లేదు.